ఆండర్సన్‌పేట ఓపెనింగ్

ఆ రోజుల్లో ఆండర్సన్‌పేటలో చదరంగం రాని మగవాడికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవారు. (కాస్త పెంచి చెబుతున్నాను, ఆడవాళ్లు ఇంకా బాగా ఆడేవారు.) నాకు ఆట నేర్పినవాడు బంగారు గనిలో పనిచేసిన మా మేనమామ. భూమి అడుగున, అన్నం డబ్బా మూత మీద సుద్దతో గళ్లు గీసుకుని ఆడేవారట. అరవై నాలుగు గళ్లూ మూత మీద ఎలా పట్టేవని నేనూ అడగలేదు. ఆయన ఆటలో రెండు ధర్మాలుండేవి: మొదటి ఎత్తుకు రెండు బంట్లు ఒకేసారి జరపాలి, షా, అంటే చెక్, పడకముందు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. లోకమంతా ఇలాగే ఆడుతుందనుకునేవాణ్ణి.

బంగారుపేటలో పోటీ పెట్టారని తెలిసి, "ఒక్క ఆట గెలువప్పా, నా మోపెడ్ నీదే" అన్నాడు మామ. అప్పుడే తమక అనే ఊళ్లో చిన్న పనిలో చేరి, రోజూ బస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో తపస్సు చేస్తున్నవాణ్ణి. ఆ మోపెడ్ నాకు ఐరావతంతో సమానం.

నా ఎదుట టై కట్టిన పెద్దమనిషి. నేను దర్జాగా రెండు బంట్లు ముందుకు తోశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఇదేం ఓపెనింగప్పా?" అన్నాడు. "ఆండర్సన్‌పేట ఓపెనింగ్ సార్" అన్నాను. అంపైరు వచ్చి ఒక బంటును వెనక్కి పెట్టించి, "ఇంగొక తప్పు చేస్తే ఆట పోయినట్టే" అన్నాడు. ఆ ఓపెనింగ్ ఏ పుస్తకంలో ఉందోనన్న దిగులుతోనే కాబోలు, టై సారు కాసేపటికి మంత్రిని పోగొట్టుకున్నాడు. కానీ ఒక్క షా కూడా చెప్పకుండానే ఏనుగునూ గుర్రాన్నీ తెచ్చి నా రాజును మూలకు నెట్టాడు. ఇంకొక్క ఎత్తులో ఆటకట్టు. నాకు నవ్వొచ్చింది, పాపం మరిచిపోయాడని. రాజును ఎత్తి, గుర్రంలా దూకించి, బంటు అవతల కూర్చోబెట్టాను.

అంపైరు గడియారం ఆపేశాడు. వెనక బెంచీలో మామ లేచాడు.

"యాలప్పా ఆపినావు? రాజుకు ఒక దుముకు ఉండాది గదా!"

"ఆ రూలు లేదన్నా."

"గనిలో అంత లోతున ఉన్నిన రూలు, పైకొస్తానే యాడికి పోయింది?"

అంపైరు కాగితం తీశాడు. నా పేరు పక్కన ఓటమి అని రాశాడు.

బయటికొచ్చాక మామ మోపెడ్ తాళం నా చేతిలో పెట్టి తాను వెనక కూర్చున్నాడు. "గెలిచింది నువ్వేప్పా. ఆట తెలీనోళ్ల దగ్గర ఇంగేం మాట్లాడేది, పోనీ" అన్నాడు.

ఇప్పుడు మామా లేడు, మోపెడూ లేదు. ఫోనులో ఆడుతుంటాను. రాజు మూలన పడ్డప్పుడల్లా నా వేలు దాన్ని గుర్రంలా దూకించబోతుంది. ఫోను ఒప్పుకోదు. దానిదేం తప్పు, మా మామ దగ్గర నేర్చుకోలేదు కదా.