నూనె రాసిన పెనం

నా చిన్నప్పుడు చేసిన వెధవ పనుల్లో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరించేది ఒక్కటే. మూడు నెలల మా తమ్ముడికి నేను ముచ్చటపడి కుట్టిన దిండు.

అప్పుడు మేం హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలో ఉండేవాళ్లం. మా బాపమ్మ, అంటే మా నాయిన తల్లి, ఖాలా అని మేం పిలిచే పక్కింటామెతో కలిసి ఉప్పుగూడ దారిలో ఉన్న ఒక రేకుల షెడ్డులో పనికి వెళ్లేది. మిల్లుల బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు చుట్టే తాళ్లు అక్కడ తయారయ్యేవి. వాటికి కావలసిన రాతినార, అంటే ఆస్బెస్టాస్, గోనెసంచుల్లో వచ్చేది. ఆడవాళ్లు వరసగా కూర్చుని దాన్ని కర్రలతో కొట్టి దూదిలా విడదీసేవాళ్లు. నిప్పులో వేసినా కాలదని దానికి మా వాడలో మహా పేరు. మధ్యాహ్నం బాపమ్మకు రొట్టెలు పట్టుకెళ్లేది నేనే. తలుపు దగ్గర నిలబడి చూస్తే లోపల అందరికీ జుట్టు నెరిసిపోయినట్టు ఉండేది. నాకది భలే నవ్వు తెప్పించేది.

ఆ మెత్తదనం చూసి ఆగలేకపోయాను. రోజుకో గుప్పెడు ఒళ్లో దాచి తెచ్చి, పాత గుడ్డలో నింపి, తమ్ముడి తల కింద పెట్టాను. మా అమ్మ కూడా మురిసిపోయింది.

సాయంత్రం బాపమ్మ ఆ దిండును నొక్కి చూసింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. దిండును తడిగుడ్డలో చుట్టి దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చింది. ఆ ఏడు ఖాలాకు దగ్గు పట్టుకుని వదలడం లేదు. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేది. హకీము ఎండాకాలం వేడి అన్నాడు. బాపమ్మ మాత్రం నమ్మలేదు, ఎందుకంటే అదే వరసలో కూర్చున్న ఇంకో ఇద్దరికి అంతకుముందు అచ్చం ఇలాగే మొదలైంది.

మర్నాడు పనికి పోతూ రొట్టెల పెనానికి నూనె రాసి ఉయ్యాల పక్కన పెట్టింది. పని నుంచి రాగానే రోజూలాగే కొంగు దులుపుకుని, తమ్ముడి మీదికి వంగి ముద్దాడింది. తర్వాత నన్ను పిలిచి పెనం చూపించింది. నల్లటి పెనం మీద తెల్లటి నూగు.

"దిండు నువ్వు తెచ్చినవ్ బిడ్డా. గిది మాత్రం దినాం నేనే తెస్తున్న."

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు.

దుమ్ము లేవకుండా నారను తడిపి కొడతామని, ఇళ్లకు పోయేముందు బట్టలు మార్చుకోవడానికి చాటు కావాలని ఆమె షెడ్డు మేస్త్రీని అడిగింది. తడిస్తే ఆరడానికి రెండు పూటలు పడుతుందని, ఇష్టం లేనివాళ్లు పోవచ్చని అతను కసిరాడు. పోదామంటే మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె కూలితోనే. నాయిన అప్పటికి మూడు నెలలుగా మంచంలో ఉన్నాడు.

మరునాడు రొట్టెలతో పాటు నూనె రాసిన పెనాన్ని కూడా నా చేత మోయించింది. మేస్త్రీ షెడ్డులోనే ఒక మూల బల్ల మీద తినేవాడు. ఆడవాళ్లు ఇంకా కొడుతూనే ఉన్నారు. బాపమ్మ పెనాన్ని అతని పక్కన పెట్టింది. ఇదేమిటని అడిగితే, ముందు తినమంది. అతను తిని చేయి కడుక్కున్నాక పెనం ఎత్తి, వేలితో ఒక గీత గీసింది. గీసినంత మేరా నల్లగా తేలింది.

"మేస్త్రీ, మా ఊపిరి సంగతి పక్కకు పెట్టు. నువ్వు తిన్న బువ్వ మీద గూడ గింతే పడ్డది."

దుమ్ముకు ఎవరూ చావరని అతను గట్టిగానే అన్నాడు. తెప్పించుకున్న చాయ్ మాత్రం తాగలేదు. బాపమ్మ కర్ర పక్కన పడేసి బయటికొచ్చి కూర్చుంది. నీళ్ల పీపా వచ్చేదాకా లేవనంది. ముందు ఖాలా దగ్గుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే మిగిలినవాళ్లు. రెండో రోజు మా ఇంట్లో గంజే తాగాం. నాకు చాలా భయమేసింది, మళ్లీ పనిలోకి పొమ్మని ఆమె కాళ్లు పట్టుకున్నాను కూడా. ఆమె కదల్లేదు. మూడో రోజు పీపా వచ్చింది, బట్టలు మార్చుకోవడానికి ఒక తడక కట్టారు. మేస్త్రీ తన బల్లను మాత్రం మొదటి రోజే బయటికి మార్పించుకున్నాడట.

ఆనాటి నుంచి బాపమ్మ స్నానం చేయకుండా తమ్ముణ్ని ముట్టుకోలేదు. నీళ్లు చల్లినంత మాత్రాన ఆ నార పీడ పోదని, దాన్ని అసలు ముట్టుకోకూడదని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నవాళ్లు చెప్పారు. ఖాలా ఇంకో రెండు ఎండాకాలాలు చూసింది. బాపమ్మ కూడా చివరికి ఆయాసంతోనే పోయింది. ఆ సంగతి చెప్పుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

మొన్న మా వెనకింట్లో అదే రాతినార కలిసిన పాత సిమెంటు రేకులను సుత్తెలతో పగలగొడుతుంటే చూసి ఊరుకోలేకపోయాను. మెల్లగా మొత్తం రేకులకు రేకులే ఊడదీయమని, పనివాళ్లు ముక్కుకు మంచి మాస్కులు కట్టుకోవాలని చెప్తే, ఇంటాయన ముసలమ్మ చాదస్తం అన్నట్టు చూశాడు. ఇంట్లోకి వెళ్లి పెనానికి నూనె రాసుకుని వచ్చి ఆయన గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాను.

"ఏంది అవ్వా, ఈడ రొట్టెలు చేస్తవా?" అన్నాడు.

"చేస్త. ముందుగాల సుత్తెలు ఆపించు, రేకులు తడుపు."

నీళ్ల పైపు ఆయన తేలేదు. ఎనభై నిండిన మా తమ్ముడు తెచ్చాడు. దాన్ని భుజాన వేసుకుని మా ఇంటి రెండంతస్తుల మెట్లు దిగి వచ్చాడు, ఎక్కడా ఊపిరి కోసం ఆగకుండా.