అక్క ఎడమ భుజం

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద పొద్దున ఆరింటికి విన్యాస యోగా క్లాసు జరుగుతుంది. ఊపిరితో పాటు ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి ఆగకుండా సాగిపోవడమే దాని పద్ధతి. మూడేళ్లు చేశాక నా నడుము నొప్పి పోయింది, నిద్ర పట్టింది, నోరు కూడా పెరిగింది. దగ్గొచ్చినవాళ్లకూ దిగులు పడ్డవాళ్లకూ యోగా చెయ్యమనే చెప్పేదాన్ని.

అశోక్‌నగర్‌లో ఉండే మా అక్కను వెంటపడి లాక్కొచ్చింది నేనే. ఆమెకు యాభై నాలుగేళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. నాలుగు నెలల్లో షుగర్ కాస్త దిగింది, మోకాళ్లు వంగాయి. అదంతా నా గొప్పేనని చెప్పుకుని తిరిగాను.

ఒకరోజు చతురంగ చేస్తూ, అంటే మోచేతులు మడిచి ఒంటిని నేలకు జానెడు ఎత్తున ఆపుతూ, అక్క కూలబడింది.

“ఎడమ భుజం గుంజుతున్నదే. దవడ దాంక వస్తున్నది.”

“మోచేతులు బయటికి పోతున్నయ్ అక్కా, అందుకే. జర పక్కటెముకలకు ఆనించు.”

కొత్తవాళ్లను పాతవాళ్లు దిద్దాలని మా క్లాసులో ఆనవాయితీ. మొదట్లో భుజం నొప్పి అందరికీ వచ్చేదే. అందుకని తొమ్మిది రోజులు ఆమె మోచేతులు దిద్దాను, సాయంత్రాలు వెళ్లి నూనె రాశాను. కూరగాయలు తరుగుతుంటే కూడా నొప్పి వస్తోందంటే, పొద్దుటి నొప్పే ఇంకా దిగలేదన్నాను. డాక్టరుకు చూపిద్దామా అంటే నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదో రోజు చాప మీదే చెమటలు పట్టి పడిపోయింది. బావకు ఫోన్ చేసి, ఆటోలో నారాయణగూడ ఆసుపత్రికి తీసుకెళ్లాను. గుండెపోటు అన్నారు. యోగా వల్ల వచ్చింది కాదనీ, అయితే పూడుకుపోయిన రక్తనాళాన్ని ఏ ఆసనమూ తెరవలేదనీ, భుజం నొప్పి మొదలైన రోజే రావలసిందనీ డాక్టరు చెప్పాడు.

“ఇన్ని రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదామ్మా?” అని అక్కను అడిగాడు.

బావ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. అక్క నా వైపు ఒకసారి చూసింది.

“ఎవ్వరికి చెప్పలే సార్. నేనే దాచుకున్న.”

ఆ సాయంత్రమే పోయింది.

బావ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో అంటాడు, “ఒక్క మాట చెప్తే బతుకుతుండె. మొండిది.” నేను అక్కడే కూర్చుని వింటాను. ఆమె తొమ్మిది రోజులూ నాకు చెబుతూనే ఉందని ఇంతవరకు ఆయనతో అనలేకపోయాను.