వసుంధరగారి భయం

ఈ ఉదయం కొత్తపేట నుంచి బస్సులో వస్తుంటే లాకుల దగ్గర నీళ్ళ హోరు వినిపించింది. కాలవలకు నీళ్ళు వదిలారన్నమాట. ఎండి బీటలు వారిన బురద మీదికి కొత్త నీరు పారినప్పుడు లేచే వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. పక్క సీట్లో రైతు మొహం విప్పారింది, ఆయనకు నారుమళ్ళు గుర్తొచ్చి ఉంటాయి. నాకు మాత్రం రేవులు గుర్తొచ్చాయి. అంబులెన్సు మీద పనిచేసినవాళ్ళను ఎవరినడిగినా చెబుతారు, కాలవ నిండిన మొదటి రోజుల్లో ఫోను మోగితే ఏ రేవులో ఏ పసిబిడ్డ జారిపడిందోనని ఒళ్ళు చల్లబడుతుంది. ఆ భయాన్ని దాచుకోకుండా పనిచెయ్యడం నాకు నేర్పినవారు డాక్టర్ వసుంధరగారు. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది.

పట్నంలో అత్యవసర వైద్యం బోధించి, పదవీ విరమణ తర్వాత సొంతూరు అమలాపురం వచ్చి స్థిరపడ్డారు. పొట్టిగా, పలచగా ఉండేవారు. మాట్లాడబోయే ముందు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకునేవారు. రోగి ఆసుపత్రికి చేరేలోపు మేం ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్న సూచనలను సరిచూసే పని అంబులెన్సు సంస్థవారు ఆవిడకు అప్పగించారు. ఒక ప్రశ్న తీసుకోవాలి. దాని మీద ఎక్కడ ఎవరు పరిశోధన చేసినా వెతికి తేవాలి. ఒకరి తీర్పు ఒకరికి తెలియకుండా ఇద్దరు విడివిడిగా చదివి, ఏది ఎంతవరకు నమ్మవచ్చో తేల్చాలి. ఇద్దరికీ పొసగకపోతే మూడో మనిషి చదవాలి. ఆ ఇద్దరిలో ఒకరు వసుంధరగారు. రెండో మనిషిగా, రాజోలు అంబులెన్సులో పనిచేస్తున్న నన్ను పిలిచారు.

మొదటి ప్రశ్న మా నీళ్ళ గురించే. మునిగినవాళ్ళను పైకి తీశాక కడుపు నొక్కి నీళ్ళు కక్కించాలా, లేక ముందు ఊపిరి అందించాలా? మా వైపు ఏ గట్టు మీద చూసినా బిడ్డను తలకిందులుగా భుజాన వేసుకుని గిరగిరా తిప్పేవాళ్ళే. చదివినవాటిలో ఒక వ్యాసం ముందు ఊపిరే అందించాలంది. దాన్ని బాగానే నమ్మవచ్చని ఆవిడ రాశారు, నమ్మలేమని నేను రాశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాం. మీరు రాసిందే ఉంచుదామండీ అన్నాను. ఆవిడ కళ్ళజోడు తుడవడం ఆపి నా వైపు చూశారు.

"వేణీ, నాకు అవుననేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. నీకెందుకు నమ్మబుద్ధి కాలేదో అది చెప్పు."

గట్టు మీదే ప్రాణం పోయినవాళ్ళను ఆ వ్యాసం రాసినవాళ్ళు లెక్కలోకి తీసుకోలేదని, అందుకే ఆ పద్ధతి మంచిదిగా కనిపిస్తోందని నా అనుమానం. చెప్పగానే ఆవిడ మొహం పాలిపోయింది. మళ్ళీ మొదటినుంచీ చదివారు. అయినా నిర్ణయం తానొక్కరే చెయ్యకుండా మూడో మనిషికి పంపారు. అలా మూడోసారి చదివిన డాక్టరుగారు వ్యాసం చివరి అనుబంధంలో దొరకబట్టి చూపించారు, వాళ్ళనూ లెక్కించారట. నా అనుమానం తప్పు. ఇంక నన్ను రావద్దంటారని ఆవిడ ఇంటి గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. వసుంధరగారు కూర్చోమని కాఫీ ఇచ్చారు.

"ఈసారి తప్పే చెప్పేవు. వచ్చేసారి అనుమానమొచ్చి నోరు మూసుకుంటే మాత్రం మానిపించేస్తాను. ఆసుపత్రిలో నేను పొరపాటు చేస్తే ఒక్కళ్ళు పోతారమ్మా. ఇక్కడ తప్పు రాస్తే ఎన్ని గట్ల మీద ఎంతమంది పోతారో మనకి తెలియను కూడా తెలీదు."

ఆ మాటతో ఆవిడ ఎందుకంత నెమ్మదిగా చదువుతారో అర్థమైంది. చివరికి ముందు ఊపిరి అందించాలనీ, కడుపు నొక్కవద్దనీ రాశాం. కింద ఆవిడ మరో వాక్యం చేర్చారు: ఈ సాక్ష్యాల మీద నమ్మకం తక్కువ. అలా రాస్తే సిబ్బంది దీన్ని పాటిస్తారా అని అడిగాను. తెలిసినంతవరకే చెప్పాలన్నారు.

ఆ సూచనలు ఎలా అమలవుతున్నాయో చూడడానికి ఒక మధ్యాహ్నం ఆవిడ మా బండిలో వచ్చారు. సఖినేటిపల్లి వైపు ఒక రేవులో పాప పడిపోయిందని ఫోను వచ్చింది. మేం చేరేసరికి పాప తాత ఆ పిల్లను తలకిందులుగా భుజాన వేసుకుని తిప్పుతున్నాడు. నాలుగేళ్ళుంటాయేమో. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కింద పడుకోబెట్టమని బతిమాలాను. నీళ్ళు కక్కితేగాని ఊపిరి రాదని ఆయన, అవునవునని చుట్టూ జనం. నా చెవుల్లో మాత్రం మేం రాసుకున్న ఆ చివరి వాక్యమే మోగుతోంది. దించాక పిల్ల పోతే? నేనే చంపానంటారు. నిజంగా నేనే చంపినదాన్నైతే? చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాను.

జనాన్ని తప్పించుకుంటూ వసుంధరగారు ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"బాబాయిగారూ, నేను డాక్టర్నండి. పాపని మాకివ్వండి. ఏం జరిగినా పూచీ నాదండి."

ఆ గొంతు వణికింది. ఆయనకూ వినిపించే ఉంటుంది, అయినా ఇచ్చాడు. పిల్ల ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టి, దానికి తగిలించిన గాలి సంచీ నొక్కాను. ఛాతీ లేవలేదు. తల కొంచెం వెనక్కి వంచి మళ్ళీ నొక్కాను. లేచింది. నాడి అందకపోవడంతో ఆవిడ గుండె మీద నొక్కడం మొదలుపెట్టారు. ఎంతసేపో తెలియదు. పిల్ల ఒక్కసారి దగ్గి కక్కుకుంది. పక్కకు తిప్పి నోరు శుభ్రం చేశాం. సన్నగా, పిల్లికూన అరిచినట్టు ఏడ్చింది.

బండిలో తల్లి పిల్ల పాదం పట్టుకుని కూర్చుంది. బతుకుతుందాండీ అని అడిగింది. ఊపిరాడుతోందమ్మా, ఇప్పటికి తెలిసింది అంతే అన్నారు వసుంధరగారు. 

పాప బతికింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిందని తెలిసిన రోజున నేను ఉత్సాహంగా వెళ్ళి, ఇంక ఆ 'నమ్మకం తక్కువ' అన్న మాట తీసేద్దామా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఆ పిల్ల బతికిందని మనం రాసింది నిజమైపోదు వేణీ. పోయినా అబద్ధమయ్యేది కాదు."

మరి ఆ గట్టు మీద అంత ధైర్యం ఎలా వచ్చిందని అడిగాను. ధైర్యం ఎక్కడిదమ్మా, భయపడుతూనే చేసేను అన్నారు.

ఇప్పుడు ఆ పని నేను చూస్తున్నాను. కొత్త పరిశోధనలు వచ్చినప్పుడల్లా మునిగినవాళ్ళ ప్రశ్నను మళ్ళీ తెరుస్తాం. తెరిచిన ప్రతిసారీ, ఇన్నాళ్ళూ తప్పు చెప్పామని తేలుతుందేమోనని భయపడుతూనే చదువుతాను. కిందటి నెల రాజోలు సంతలో ఆ తల్లి కనిపించి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు మీరు రాబట్టే మా పిల్ల దక్కిందండీ అంది. ఏ తరగతి చదువుతోందని అడిగాను. తల్లి వెనకనుంచి ఆ పిల్ల తొంగిచూసి నవ్వింది. నవ్వుతున్న ఆ మొహం వైపు చూడకుండా, నేను ఆ ఛాతీ లేచి పడుతోందా అని చూస్తూ నిలబడ్డాను.