లంగరు వేయని చోట

సమాధుల పండుగ నాడు మా ఊళ్లో వాళ్లంతా సున్నం వేసిన సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. నా భార్య సమాధి ఉండాల్సిన చోట ఇప్పుడు గోదావరి ఉంది. లంక గట్టు ఏటా వరదకు కోసుకుపోవడం చూసి, సమాధుల తోట ఇంకా మిగిలి ఉండగానే ఒకరోజు వెళ్లి, ఆమె తల వైపు నిలబడి ఫోన్‌లోని జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకున్నాను. గుర్తుకు ఒక పేరు పెట్టమంది ఫోన్. ఖాళీగా వదిలేశాను. ఆ తర్వాతి వరదకే తోట మొత్తం నీళ్లలోకి జారిపోయింది.

ఈసారి పండుగకు నా బావమరిది తన ఇంజిన్ పడవ తీశాడు. రేవు నుంచి నేరుగా వెళ్లే వీల్లేదు, మధ్యలో ఇసుక మేటలు. చేపల వేటకు తిరిగేటప్పుడు లోతున్న చోట్లు అతను తన ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాడు. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు వంకరగా పోతున్నాం. నా ఫోన్ మాత్రం ఆమె ఉన్న చోటికి ఒకటే తిన్నని గీత చూపిస్తోంది.

"మీ ఫోన్‌ని నమ్ముకుంటే ఇద్దరం దిగి పడవ తొయ్యాలండి బావగారూ," అన్నాడు.

"నా ఫోన్‌కి ఇసుక తెలీదు. చోటు తెలుసు," అన్నాను.

చివరి మలుపు దాటాక నా ఫోన్ తీసుకుని నడిపాడు. దూరం తగ్గుతూ వచ్చి సున్నా అయింది. చుట్టూ నీళ్లే. ఇంజిన్ ఆపాడు. ఒక ప్రార్థన సేపు అక్కడ నిలవాలన్నదే నా కోరిక. మొదటి మాట పూర్తయ్యేసరికే పడవ జారిపోయింది. మళ్లీ ఎగువకి, గుర్తు మీదికి తెచ్చాడు. మళ్లీ జారింది.

"మీ ప్రార్థన ఎప్పుడూ పొడుగేనండి. అన్నం చల్లారిపోతోందని అక్క గొణిగేది."

ఇద్దరం నవ్వబోయి ఊరుకున్నాం.

అతను లంగరు చేతిలోకి తీసుకున్నాడు. దాని ఇనుప కొక్కేలు చూశాను.

"వద్దు. అక్కడ వెయ్యకు."

లంగరు ఒళ్లో పెట్టుకున్నాడు. "అడుగున అక్క లేదండి," అన్నాడు మెల్లగా. "ఆ మట్టంతా ఎప్పుడో దిగువకి పోయింది. మీకు తెలీదా ఏంటి."

తెలుసు. ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

"ఇంకొక్కసారి పైకి తీసుకెళ్లు," అన్నాను.

గుర్తు మీదికి రాగానే ఇంజిన్ ఆపాడు. ఈసారి తొందరపడకుండా మొదలుపెట్టాను. పడవ ప్రవాహంతో పాటు పోతూనే ఉంది. ఆ మట్టి పోయిన వైపే పోతోందని, ఆపమనలేదు. ప్రార్థన అయ్యేసరికి చాలా దిగువకు వచ్చేశాం. ఆమేన్ అతనే అన్నాడు.