తమ్ముడు చదివిన కాగితం

మా ఇంటికి ఏ తమిళ కాగితం వచ్చినా తమ్ముడే చదివి చెప్పేవాడు. ఉండేది తమిళనాడులోనే అయినా నేను చదివింది తెలుగు బడిలో. తమిళం గడగడా మాట్లాడతాను కానీ అక్షరం ముక్క రాదు.

కిందటేడు వాడు నిద్రా తిండీ మానేసి, చేతికందినవి విసిరేస్తుంటే హోసూరులో మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాం. రానంటే రానన్నాడు. అయినా చేర్చుకున్నారు. గుమాస్తా నా ముందు తమిళ ఫారం పెట్టాడు. మా ఊరు కెలమంగలంలో, ఇంట్లో పెంచే పట్టుపురుగులకు ఆకు వేసే వేళ దాటిపోతోంది. చదివి చెప్పమని అడగడానికి నామోషీ. గీత గీసి చూపించిన చోటల్లా సంతకం పెట్టి, నకలు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

వారానికి మళ్లీ వెళ్లేసరికి వాడు నెమ్మదించాడు.

“నన్ను ఈడ ఎన్నాళ్లు పెడతారక్కా? ఎవుర్ని అడగాల?”

నర్సు డాక్టరును అడగమంది. డాక్టరు లేడు. ఇక నిలవలేక ఆ నకలు తీసి వాడి చేతికే ఇచ్చాను. ఎప్పటిలాగే వేలు పెట్టి వరుసగా చదివి తెలుగులో చెప్పాడు. ఇంటికి ఫోను చేసుకోవచ్చట. ఉండడం ఇష్టం లేకపోతే ఇలాంటివి విచారించే ప్రభుత్వ బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చట.

నాకు ఒళ్లు మండింది. నర్సు వైపు తిరిగాను.

“ఇదంతా వీనికి ఒగరన్నా చెప్పినారా అమ్మా?”

తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వాడి వేలు నా సంతకం దగ్గర ఉంది.

“ఈ హక్కులన్నీ రోగికి చదివి వినిపించినానని, ఈడ నువ్వే రాసిచ్చినావు కదక్కా.”