గుమ్మం అవతల మా అక్క

మొన్న పలాసలో బ్యాంకు పనికి మా అక్కను తీసుకువెళ్తే, వేలిముద్రల పెట్టె ఆమె వేళ్లలో ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. కౌంటరులోని అమ్మాయి విసుగుపడకుండా కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. రంగులన్నీ పోయి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు క్షణంపాటు కనిపించాయి. వాటి చివర చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ నిలబడింది. దాన్ని చూడగానే నా తల వంగిపోయింది.

మన ఈడువాళ్లకు ఆ నల్ల తెర గుర్తుండే ఉంటుంది. డాస్ అనేవాళ్లం. బొమ్మలూ లేవు, మౌసూ లేదు. ఆజ్ఞను కంఠస్థం చేసి పొల్లు పోకుండా కొడితేనే పని, ఒక్క అక్షరం జారినా ఇంగ్లీషులో మందలింపు. కాశీబుగ్గలో నేను పనిచేసిన జీడిపప్పు కార్ఖానాలో ఆ ఆజ్ఞలు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఏసీ గదిలోకి అందరూ చెప్పులు విప్పి రావాలనేవాణ్ని, గర్భగుడిలో పూజారిలా మెలిగేవాణ్ని. నిజానికి నాకు వచ్చినవి గుప్పెడు మాటలే.

పదో తరగతి పాసై కూడా మా అక్క అక్కడే జీడిపిక్కలు కొట్టేది. నాకు క్యారేజీ తెచ్చినప్పుడల్లా గుమ్మం అవతల నిలబడి తెర మీది అక్షరాలు కూడబలుక్కునేది.

"ఆ గీత ఎవులి కోసరం సూత్తందిరా?" అని అడిగిందోసారి.

"నా కోసరమే" అన్నాను.

రెండో కంప్యూటరు వస్తోందనీ, మా అక్కకు నేర్పి పిక్కల పని మాన్పించమనీ కార్ఖానా షావుకారుగారే ఒకనాడు అన్నారు. ఆ గుప్పెడు మాటలు ఆమెకూ వస్తే ఇక నన్నెవరు లెక్కచేస్తారనిపించింది. పిక్కల తొక్కలోంచి కారి ఆ చేతులకు పట్టిన జీడిరసం అంటితే మీటలు పాడైపోతాయని చెప్పాను. ఆయన నమ్మారు. క్యారేజీ పట్టుకుని గుమ్మంలో ఉన్న అక్క అంతా విన్నది. మర్నాటి నుంచి క్యారేజీ బయట బల్ల మీద పెట్టి వెళ్లిపోయేది. ఆ రెండో కంప్యూటరు కుర్చీలోకి మందస నుంచి మరెవరో వచ్చారు. ఆమె మాత్రం పిక్కలు కొడుతూనే ఉండిపోయింది, ఆ జీడిరసం ఆమె వేలికొనల మీది గీతలను నున్నగా తినేసింది.

బ్యాంకులో మళ్లీ వేలు పెట్టింది. మళ్లీ ఎర్రదీపమే. అక్క నావైపు తిరిగి నవ్వింది.

"అప్పుడు నువ్వొద్దన్నావు, ఇప్పుడిది వద్దంతంది. పదరా, టీ తాగుదుం."

ఇప్పుడు యంత్రం ముందు ఎవరూ చెప్పులు విప్పరు, ఏ ఆజ్ఞా కంఠస్థం చేయరు. నేను కాపలా కాసిన విద్య ఈనాడు ఎవరికీ అక్కర్లేదు. వేలు ఆనిస్తే చాలుననే కాలం వచ్చింది కానీ, అప్పటికి మా అక్కకు ఆ వేలు మిగల్లేదు.