శకుంతలమ్మ మాటలు

చిత్తూరు బస్టాండు వెనక సందులో మా ఇంటికి ఆనుకుని ఆదిమూలం ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో కాపురం. మద్రాసులో ఒక కెమెరామన్ దగ్గర నాలుగేళ్లు పనిచేసి, అక్కడ ఎదుగూ బొదుగూ లేక తిరిగొచ్చి పెట్టుకున్న స్టూడియో అది. అతని భార్య శకుంతలమ్మది కార్వేటినగరం. వాళ్ల పెళ్లి ఎలా కుదిరిందో సందులో అందరికీ తెలుసు. అడిగినవాళ్లకల్లా ఆమే చెప్పేది.

పంతొమ్మిదివందల డెబ్బై నాలుగులో ఆమెకు తిరుత్తణి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ముందు పిల్ల ఫోటో పంపమన్నారు. ఆమె నాయన ఆదిమూలాన్ని పిలిపించాడు. పెరట్లో గోడకు దుప్పటి కట్టి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, "తల కొంచెం పక్కకు తిప్పమ్మా" అన్నాడు ఆదిమూలం.

"పక్కకు తిప్పితే ఆయప్పకు సగం మొగమే గదా కనబడేది? మిగతా సగం యాడుండాదని అడిగితే నువ్వొచ్చి సెప్తావా?" అంది.

నాయన గదమాయించాడు. ఆదిమూలం నవ్వాపుకోలేక కెమెరా కదిలించాడు. వారం తర్వాత వచ్చి ఫోటో చెడిపోయిందన్నాడు. మళ్లీ తీశాడు. అదీ చెడిపోయిందన్నాడు. మూడోసారి వచ్చినప్పుడు, నాయన మంచినీళ్లకని లోపలికి వెళ్లగానే, ఆమె గొంతు తగ్గించి, "చెడింది ఫోటో కాదబ్బా, నువ్వు" అంది.

ఆ నెలలోనే అతను పెద్దమ్మను వెంటబెట్టుకుని పిల్లనడగడానికి వెళ్లాడు.

పెళ్లయినా ఆమె మాటతీరు మారలేదు. మొగుణ్ణి 'నువ్వు' అనే పిలిచేది. మా అమ్మ తాయమ్మకు మొదట్లో అది మింగుడుపడలేదు గానీ, ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె మాటలు వినడానికే రోజూ పక్కింటికి వెళ్లడం మొదలుపెట్టింది. ఒకసారి ఒక ముసలాయన ఫోటోలో తాను నల్లగా వచ్చానని స్టూడియోలో తగువేసుకున్నాడు. శకుంతలమ్మ లోపలినుంచి వచ్చి ఫోటో చూసి, "నువ్వు నల్లగా రాలేదు తాతా, నీ పంచె మరీ తెల్లగా వచ్చేసింది, అంతే" అంది. ముసలాయన నవ్వుకుంటూ ఫోటో తీసుకుపోయాడు.

ఆదిమూలం ఇలాంటివన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకునేవాడు. మద్రాసులో ఉన్నప్పటినుంచీ అతనికి ఒక కోరిక. ఫైటింగులూ డ్యూయెట్లూ లేకుండా, మన ఊళ్లలో మనుషులు ఎలా తికమకపడి ప్రేమించుకుంటారో అలాంటి నవ్వుల సినిమా ఒకటి తీయాలని. డెబ్బై తొమ్మిదిలో, బట్టలకొట్టు నడిపే చిన్ననాటి స్నేహితుడు దామోదరం డబ్బు పెడతానని తోడొచ్చాడు. కథ వేరే ఎక్కడా వెతకలేదు. పెళ్లిచూపుల ఫోటోని కావాలని చెడగొట్టే ఒక ఫోటోగ్రాఫరు, అది కనిపెట్టి కూడా ఊరుకునే ఒక పిల్ల. వాళ్ల కథే.

బ్లాక్ అండ్ వైట్ సినిమా. పేరున్న నటులు ఒక్కరూ లేరు. హీరోయిన్ పంకజాక్షి తిరుపతిలో నాటకాలాడే అమ్మాయి. ఆమెకు ప్రతి మాటా స్టేజీ మీద అరిచినట్టే వచ్చేది. రెండు రోజులు చూసి, శకుంతలమ్మ ఆ అమ్మాయిని పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. "ఊరందరికీ సెప్పొద్దు తల్లీ. వాడొక్కడికే సెప్పు" అంది. అప్పటినుంచి షూటింగు జరిగిన ముప్పై రోజులూ పంకజాక్షి నోట్లో ప్రతి మాటా శకుంతలమ్మే పెట్టింది. నోటుపుస్తకంలో లేనివి కూడా అక్కడికక్కడ పుట్టించేది.

చివర్లో ఆ పిల్ల అతన్ని క్షమించే సీను దగ్గర ఆదిమూలం ఇద్దరూ ఏడ్చినట్టు రాశాడు. శకుంతలమ్మ ఒప్పుకోలేదు.

"ఏడిస్తే ఎవురు నమ్ముతారు? ఆ పిల్ల వాని కెమెరా లాక్కుని వాని ఫోటో తీస్తాది. కడిగి సూస్తే తలకాయుండదు. ఫోటో చెడిందప్పా, మళ్ళీ రేపు రా అంటాది."

అలాగే తీశారు.

మద్రాసులో తెరమీద వేసే పేర్ల కార్డులు రాయించేటప్పుడు మాటలు ఎవరివని వేయాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆదిమూలమైతే తన భార్య పేరు వేద్దామనే అనుకున్నాడట. దామోదరం నవ్వాడు. "పెండ్లాం రాసిచ్చిందంటే రేపు ఊళ్లో తలెత్తుకోలేవప్పా. ఆయమ్మ మాత్రం పేరు కావాలని అడిగిందా ఏమన్నా?" అన్నాడు. ఆదిమూలం అవునూ కాదూ అనలేదు. కార్డు రాసేవాడు వాళ్లకోసం కాచుకుని ఉన్నాడు. ఆ కాసేపట్లో ఆ పని అయిపోయింది.

ఎనభైలో, వేసవిలో, సినిమా తిరుపతిలో విడుదలైంది. మొదటిరోజు మ్యాట్నీకి మేమంతా బస్సులో వెళ్లాం. శకుంతలమ్మ పెళ్లినాటి ఆకుపచ్చ చీర కట్టుకుంది. హాల్లో నలభైమందికి మించి లేరు. పేర్లు మొదలయ్యాయి. కథ, మాటలు, ఛాయాగ్రహణం, దర్శకత్వం, అన్నీ కలిపి ఒకే కార్డు మీద ఆదిమూలం పేరు. ఆమె ఇంకా తెరవైపే చూస్తోంది. ఆ పేర్ల చివర్లో కృతజ్ఞతలు వచ్చాయి. కారిచ్చినాయన, అన్నం పంపిన హోటలాయన, పులికాట్‌లో పడవ ఇచ్చినాయన. అక్కడా ఆమె లేదు. మా అమ్మ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

అయితే సినిమా మాత్రం ఎంత బాగుందో! మొదట్లో ఈలలు వేసి ఎగతాళి చేసినవాళ్లే కాసేపటికి సర్దుకుని కూర్చున్నారు. అందులో వీరుడెవడూ లేడు. హీరో చొక్కాకి ఒక గుండీ ఉండదు. పక్షుల్ని చూపిస్తానని గొప్పగా పులికాట్ తీసుకుపోతే అక్కడ ఒక్క పక్షీ ఉండదు. పెద్ద సినిమాల్లో ప్రేమను చూస్తే అది మనకు కాదులే అనిపించేది. ఇది చూస్తుంటే, మనం ఎవరికీ చెప్పుకోలేని మన తింగరితనాన్ని ఎవరో పసిగట్టి, కోప్పడకుండా నవ్వి ఊరుకున్నట్టుంది. నలభైమంది నవ్వితే హాలు నిండినట్టే వినిపించింది. తలకాయలేని ఫోటో దగ్గరైతే, మా వెనక కూర్చున్న ఒకాయన చప్పట్లు కొట్టి, "ఈ మాటలు రాసినోడెవడోగానీ, ఆడోళ్ల మనసు బాగా సదివినాడబ్బా" అన్నాడు.

శకుంతలమ్మ కొంగు సర్దుకుంది. అంతే.

తిరుగు బస్సులో ఆదిమూలం ఆమె పక్కన కూర్చుని, పాకాల దాటేదాకా ఆగి, "ఎట్లుండాది?" అని అడిగాడు.

"బాగుండాది. మీరు బాగా తీసినారు" అంది.

అతన్ని ఆమె 'మీరు' అనడం నేను వినడం అదే మొదలు. అది మళ్లీ మారలేదు. సందులోవాళ్లు ఇప్పటికి మొగుడికి మర్యాద ఇవ్వడం నేర్చుకుందన్నారు. ఆమె కోపం చూపించలేదు, వంట మానలేదు, పుట్టింటికి పోలేదు. అతనితో సరదాగా మాట్లాడటం మాత్రం మానేసింది. అడిగినదానికి జవాబు చెప్పేది.

సినిమా తిరుపతిలో తొమ్మిది రోజులు, చిత్తూరులో వారం ఆడి పోయింది. కానీ చూసినవాళ్లు మర్చిపోలేదు. కాలేజీ పిల్లలు స్టూడియోకొచ్చి ఇంకోటెప్పుడు తీస్తారని అడిగేవాళ్లు. ఆదిమూలం రాయడానికి కూర్చున్నాడు. రెండేళ్లలో నాలుగు కథలు మొదలుపెట్టాడు. ఏ కథలోనూ మనుషులు నోరు విప్పి మాట్లాడలేదు. ఒకరోజు కాగితాలు పట్టుకుని వంటగదిలోకి వెళ్లాడట.

"ఈడ ఆ పిల్ల ఏమంటాది శకుంతలా?"

"నాకేం తెలుసు? రాసేది మీరు గదా" అంది ఆమె, బియ్యంలో రాళ్లేరుతూనే.

ఎనభై ఆరులో అతను మద్రాసు వెళ్లాడు. సినిమా కాపీ తెచ్చి, పేర్ల కార్డు మార్పించి, ఊళ్లో ఒక్క ఆటైనా వేయించాలని. విడుదల చేసినాయన ఆఫీసు ఎత్తేసి చాలాకాలమైంది. డబ్బాలన్నీ వెండి కోసం ఫిల్ము కరిగించేవాళ్లకు అమ్మేశారని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. తిరిగొచ్చి ఆ సంగతంతా భార్యకు చెప్పి, "నీ పేరు వేయాల్సింది. తప్పు చేసినాను" అన్నాడు.

 "పేరు లేదని కాదు" అంది ఆమె. "నన్నొక మాట అడగలేదే అని. అడిగుంటే నేనే వద్దనేదాన్నేమో."

ఈ సంగతి ఆదిమూలమే నాకు చెప్పాడు, మా అరుగు మీద కూర్చుని. "ఆ కార్డు రాసేవాణ్ణి ఇంకో గంట ఆగమనుంటే సరిపోయుండేదప్పా" అన్నాడు.

మొన్న ఒక సాయంత్రం వాళ్లింటికి వెళితే, స్టూడియోలో అతను ఒక్కడే ఉన్నాడు. లోపల మా అమ్మతో శకుంతలమ్మ ఏదో చెబుతోంది. మాట వినబడటం లేదు గానీ, మా అమ్మ పగలబడి నవ్వుతోంది. అతను చేతిలో పని ఆపి వింటున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక లేచి గుమ్మందాకా వెళ్లాడు. అడుగుల చప్పుడుకి లోపల మాట ఆగిపోయింది.

"కాఫీ తాగతారా?" అని అడిగింది ఆమె.

"తాగతా" అన్నాడు.